గురమ్మ చేతులు

గురమ్మ వేలిముద్ర ఏ యంత్రానికీ అంటదు. కడపలో ఆమె పనిచేసే కాలేజీ గేటు దగ్గర హాజరు యంత్రం ఒకటి ఉంది. పొద్దున ఏడింటికి వచ్చి ఆమె బొటనవేలు పెడుతుంది. అది ‘మళ్లీ ప్రయత్నించండి’ అంటుంది. చూపుడువేలు పెడుతుంది. అదే మాట.

"ఏం గురమ్మక్కా, ఈపొద్దన్నా కనికరించినాదా?" అంటాడు వాచ్‌మన్ దాసన్న.

"దానికి నేను మనిషిగా కనపడనులేప్పా. నువ్వు రాసుకో," అని ఆమె లోపలికి నడుస్తుంది.

పన్నెండేళ్లు వేరుశనగ మిల్లులో చెనిక్కాయలు ఒలిచి, పద్నాలుగేళ్లు కెమిస్ట్రీ ల్యాబులో గాజుసామాను కడిగి ఆమె వేళ్ల కొనలు నున్నగా, చింతగింజల్లా అయ్యాయి. గీత అన్నది లేదు. రేషను షాపులోనూ ఇదే తంటా. అక్కడ కళ్లు చూసి ఇస్తారు.

గాజుసామాను కడగడమంటే గిన్నెలు తోమడం కాదని కొత్తగా చేరిన పిల్లలకు ఆమె మొదటిరోజే చెబుతుంది. మూడుసార్లు కుళాయి నీళ్లు, రెండుసార్లు డిస్టిల్డ్ వాటరు. చివర్న ఫ్లాస్కును కిటికీ వెలుతురుకెత్తి వంచి చూస్తుంది. నీళ్లు లోపల ఒకే పొరగా జారితే శుభ్రమైనట్టు. ఎక్కడైనా బొట్లుబొట్లుగా నిలిస్తే జిడ్డు మిగిలినట్టు. "ముత్యాలు కట్టినాదంటే మురికుండాదని," అంటుంది. చదువు రాదు. సీసాల మీద పేర్లు చదవలేదు గానీ ఏ సీసా ఏ అరలో ఉండాలో, ఏది దేని పక్కన ఉండకూడదో ఆమెను అడగాల్సిందే.

ఇంతటి మనిషిని నాగలత అనుమానించింది.

నాగలత ఆదోని పక్కన ఒక పల్లె పిల్ల. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, వీరభద్ర సారు ప్రాజెక్టులో పనికి కుదిరి ఏడాది అవుతోంది. భర్త రంగస్వామిది కర్నూలు దగ్గర సోలారు ప్లాంటులో ఉద్యోగం. ఆదివారాలు వస్తాడు. వాళ్లకు పది నెలల కొడుకు. అహోబిలంలో మొక్కుకుంటే పుట్టాడని ఓబుళేశు అని పేరు పెట్టారు. పగలంతా వాణ్ని గురమ్మ ఇంట్లో ఆమె కోడలు శివకుమారి చూసుకుంటుంది. మధ్యాహ్నం రెండింటికి గురమ్మ ఇల్లు చేరిందంటే వాడు ఇంక ఆమె ఒడి దిగడు. సాయంత్రం నాగలత వచ్చి ఎత్తుకోబోతే మూతి తిప్పుకుంటాడు. అది కూడా నాగలతకు లోపల కొంచెం గుచ్చుకునేదే.

ల్యాబులో వాళ్లు చేసేది క్వాంటం డాట్లు. క్యాడ్మియం, టెల్లూరియం కలిపి నీళ్లలో గంటల తరబడి మరగబెడితే పుట్టే అతి సన్నని గింజలు అవి. ఎంత సన్నమంటే, మామూలు మైక్రోస్కోపు కంటికి కూడా ఆనవు. కానీ అతినీలలోహిత టార్చి వేస్తే దీపాల్లా వెలుగుతాయి. ఒకే పదార్థం, గింజ సైజును బట్టి రంగు. కాసేపు మరిగితే ఆకుపచ్చ, ఇంకాసేపటికి పసుపు, రోజంతా మరిగితే నారింజ. ఈ దీపాలను చెనిక్కాయల బూజు విషాన్ని పట్టుకునే ప్రోటీనుకు తగిలిస్తారు. జాతరలో తప్పిపోకుండా పిల్లల మెడలో పేరు రాసిన చీటీ కట్టినట్టు. రైతు మార్కెట్టుకు తెచ్చిన కాయల్లో ఆ విషం ఉందో లేదో ఒక కాగితం ముక్క మీద వెలుగే చెప్పేస్తుంది. పని మంచిదే. క్యాడ్మియం మాత్రం మంచిది కాదు. ఒంట్లోకి వెళ్లిందంటే మూత్రపిండాల్లో తిష్ట వేసుకుని ఏళ్లకేళ్లు కదలదు. ఆ సంగతి చదివిన రోజు నుంచి నాగలత రోజుకు పదిసార్లు చేతులు కడుక్కుంటోంది. గంటకోసారి శివకుమారికి వీడియో కాల్ చేసి కొడుకు ముఖం చూసుకుంటోంది.

ఆ సోమవారం సాయంత్రం పొద్దుగూకే వేళ కరెంటు పోయింది. సంత నుంచి తెచ్చిన చెనిక్కాయల్లో బూజు పట్టినవి ఏమైనా ఉన్నాయేమోనని నాగలత ల్యాబు నుంచి తెచ్చుకున్న అతినీలలోహిత టార్చి చాటలో వేసి చూస్తోంది. ఓబుళేశు పాక్కుంటూ వచ్చి చాట పట్టుకున్నాడు. టార్చి వెలుగు వాడి ముఖం మీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టబోయేలోగా ఆమె చూసింది. నుదుటి పక్కన దిష్టిచుక్క. నల్లచుక్క నల్లగానే ఉంది. దాని చుట్టూ చెమటకు చెదిరిన చోట లేత వెలుగు. నీలమో, ఆకుపచ్చో. వాడి కళ్లు తన కొంగుతో కప్పి, అరికాలు తిప్పి చూసింది. అక్కడా చుక్క ఉంది. అక్కడా వెలుగు ఉంది.

ఆ చుక్కలు పెట్టింది గురమ్మ. రోజూ ఆమే పెడుతుంది.

నాగలత బిడ్డను బాత్రూములోకి ఎత్తుకుపోయి రుద్ది రుద్ది కడిగింది. వాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. ఆమెకు మాత్రం ఒకటే లెక్క. ఆకుపచ్చ డాట్లు పోయిన వారమే చేశారు. ఆ ఫ్లాస్కులు కడిగింది గురమ్మ. ఆ చేత్తోనే బొట్టు పెట్టింది. ఇందులో తెలియనిది ఏముంది?

మరునాడు ఇంకో దారి లేక బిడ్డను శివకుమారికే అప్పగించింది గానీ, ల్యాబులో ఆమె కళ్లన్నీ గురమ్మ మీదే. గురమ్మ గ్లౌజులు వేసుకుందా? వేసుకుంది. చిరిగినవా? కాదు. తలుపు పిడి ఏ చేత్తో పట్టుకుంది? టిఫిన్ క్యారియరు ఎక్కడ పెట్టింది? చిన్న సంచి ఒకటి మేకుకు తగిలించి ఉంది. అందులో ఏముంది?

"ఏమ్మీ, పొద్దున్నుంచి నా ఎనకాలే చూస్తాండావు, నా ఈపున ఏమన్నా సినిమా ఆడతాండాదా?" అంది గురమ్మ, వెనక్కి తిరగకుండానే.

"ఏం లేదక్కా. ఊరికే. అదీ... ఇంటికి పోయినాక చేతులు కడుక్కుంటావా నువ్వు?"

గురమ్మ చేతిలో ఫ్లాస్కు ఆగింది. "చేతులు కడుక్కోనేది నేర్చుకోవాల్నా నేను? పద్నాలుగేండ్లుగా నేను చేస్తాండేది కడిగే పనే గదమ్మీ."

అది జవాబు కాదు. తప్పించుకోవడం అనుకుంది నాగలత. తప్పు లేని మనిషి కడుక్కుంటానని ఒక్క ముక్కలో చెప్పదా?

ఆ మధ్యాహ్నమే ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా ఒళ్లు ముడుచుకుపోయే ఆలోచన. విషం జాడ పట్టడానికి డాట్లు పనికొస్తాయి కదా, మనిషి జాడ పట్టడానికి ఎందుకు పనికిరావు?

భర్తకు ఫోన్ చేసి బాబుకు జలుబని అబద్ధం చెప్పి ఒకరోజు సెలవు పెట్టించింది. బుధవారం పిల్లవాడు ఆయన దగ్గర ఉన్నాడు. ల్యాబుకు అందరికన్నా ముందు వచ్చి, కడగాల్సిన ఫ్లాస్కుల్లో ఒకదాని మెడకు బయటివైపు నారింజ డాట్లు ఒక చుక్క పూసింది. ఆరబెట్టింది. మామూలు వెలుతురులో అది చేతి జిడ్డులా ఉంటుంది, అంతే. ఒక్క చుక్కే కదా, గురమ్మకు గ్లౌజులు ఉన్నాయి కదా అని తనకు తాను చెప్పుకుంది. ఇంకొకరు తన కొడుకుకు ఒక్క చుక్కే కదా అని ఉంటే ఊరుకునేదా అన్న ప్రశ్న ఆమెకు అప్పుడు రాలేదు. వచ్చినా పక్కకు నెట్టి ఉండేది.

గురమ్మ ఆ ఫ్లాస్కును ఎత్తింది. ఒక క్షణం చూసింది. కడిగి, ఎత్తి, వెలుతురులో వంచి, మళ్లీ కడిగింది.

ఆ రోజు కడగాల్సింది ఎక్కువై గురమ్మ ఐదింటికి గానీ ఇల్లు చేరలేదు. సాయంత్రం ఐదున్నరకు, ముందురోజు పాలసీసా మర్చిపోయానన్న మిషతో నాగలత గురమ్మ ఇంటికి వెళ్లింది. శివకుమారి అంగడికి పోయి ఉంది. వెనక కుళాయి దగ్గర తడిక చాటున నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. "ఎవరూ?" అని గురమ్మ గొంతు.

"నేనే అక్కా, నాగలతను. సీసా కోసం."

"కూర్చో, వస్తాండా."

నాగలత కూర్చోలేదు. ఆ ఇంటికి ఒకటే కిటికీ. తలుపు వేస్తే లోపల చీకటి. టార్చి తీసింది. గడప మీద వేసింది. ఏమీ లేదు. ఉయ్యాల తాళ్ల మీద, గిలక్కాయ మీద, నీళ్ల బిందె చెంబు మీద వేసింది. ఉతికిన గుడ్డలు సబ్బు తెలుపుతో మెరిశాయి గానీ నారింజ జాడ ఎక్కడా లేదు. గూట్లో కొబ్బరిచిప్ప ఒకటి ఉంది. అందులో దిష్టిచుక్క పెట్టే చాదు, గట్టిపడి. వేలు తడిపి అద్దుకునే అంచు దగ్గర నీలం వెలుగు, సోమవారం చూసినదే. నాగలత చిప్పను కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

వెనక తలుపు తీసింది. బయట, ఇంటికి ఆనకుండా ఒక రేకు బకెట్టు ఉంది. అందులో గురమ్మ ల్యాబు చీర ముంచి ఉంది. బకెట్టు మీద కొంగు కప్పుకుని టార్చి వేసింది. కుచ్చిళ్ల దగ్గర నారింజ చుక్కలు రెండు, నిప్పు కణికల్లా.

"దొరికింది," అనుకుంది నాగలత. మరుక్షణమే ఏం దొరికిందో ఆమెకు అర్థం కాలేదు. చుక్కలు చీర మీద ఉన్నాయి. చీర బకెట్టులో ఉంది. బకెట్టు గడప బయట ఉంది.

"సీసా బకెట్లో యాడ దొరుకుతాదమ్మీ?"

గురమ్మ తడి జుట్టుతో, వేరే చీరలో, తడిక పక్కన నిలబడి ఉంది. నాగలత గతుక్కుమని లేచింది. చేతిలో టార్చి వెలుగుతూనే ఉంది. రెండో చేతిలో ఫోన్. తడిక నీడలో ఆ వెలుగు దాని మీద పడింది.

ఫోన్ కవరు నిండా నారింజ వేలిముద్రలు.

పక్కపక్కన నాలుగు, అంచు మీద ఒకటి. పాతవి మసకగా, కొత్తవి స్పష్టంగా. ఆ రబ్బరు కవరు మూల కొద్దిగా నలిగి ఉంది. కొత్తగా వచ్చిన రెండు పళ్లతో ఓబుళేశు కొరికేది ఆ మూలే.

నాగలత నోట మొదట వచ్చిన మాట ఇది. "అక్కా, నా ఫోను నువ్వు ముట్టుకున్నావా?"

గురమ్మ ఆమె వంక చూసింది. ముందుకు వచ్చి, ఫోన్ ముట్టుకోకుండా వంగి, ఆ నారింజ గుర్తులను ముగ్గు చూసినట్టు చూసింది.

"బాగా చూడమ్మీ. గీతలు గీతలుగా, సుడులు తిరిగి, ఎంత సక్కంగా ఉండాయో. నా వేలికి ఇన్ని గీతలుంటే ఆ గేటుకాడి మిషను నన్ను దినామూ ఎనక్కి ఏంటికి తోస్తాది?"

నాగలత తన చూపుడువేలు వైపు చూసుకుంది. గంటకోసారి చేసిన వీడియో కాల్‌లు గుర్తొచ్చాయి. ఫ్లాస్కు మరుగుతుంటే గబగబా గ్లౌజులు లాగేసి, ఆ తొందరలో వాటి పైభాగం వేళ్లకు రాసుకుని, ఆ వేళ్లతో ఫోన్ ఎత్తి, "వాడు పాలు తాగినాడా శివకుమారీ?" అని అడగడం. తర్వాత చేతులు కడుక్కోవడం. ఫోన్‌ను ఎప్పుడూ కడగలేదు. ఇంటికి పోగానే వాడు చెయ్యి చాస్తే, ఏడవకుండా ఉంటాడని ఆ ఫోనే ఇవ్వడం.

ఆమె బకెట్టు పక్కనే కూలబడింది. ఏడుపు మధ్య అన్నీ చెప్పేసింది. సోమవారం సాయంత్రం, టార్చి, ఫ్లాస్కు మెడకు పూసిన చుక్క, సంచిలో పెట్టుకున్న కొబ్బరిచిప్ప.

గురమ్మ తలలో నీళ్లు పిండుకుంది.

"ఆ ఫ్లాస్కు మెడకాడ జిడ్డు చూసినా నేను. నువ్వు అట్ల ఇడిసే మనిషివి కావు. నాలుగుసార్లు కడిగినా. తలకాయ నొప్పి ఏమో పిల్లకి, రాతిరంతా పిల్లోడు నిద్రపోనిచ్చినట్టు లేడు అనుకుంటి. అది నాకు పన్నిన వలేనా?"

"తప్పయిపోయినాది అక్కా."

"తప్పేలే. శానా తప్పు." గురమ్మ గొంతు పెరగలేదు. "నువ్వు నన్ను అడిగితివి గదా, చేతులు కడుక్కుంటావా అని. నాకు పందొమ్మిదేండ్లప్పుడు మా రాయచోటి పక్క టమాట తోటలో పురుగుల మందు కలిపే కూలికి పోతాంటి. ఒకనాడు మద్దేనం పిల్లోడు గుక్క పెట్టి ఏడుస్తాండాడని గట్టు మీద కూర్చోని అట్లే పాలిచ్చినా. కొంగుకు తుడుసుకున్యా, అంతే. మూడు దినాలకు పోయినాడు. డాక్టరు వాంతులు, విరేచనాలు అన్నాడు. మా యత్త దిష్టి అనింది. నేను మాత్రం ముప్పై మూడేండ్లుగా ఈ చేతుల్నే చూసుకుంటాండా. అవునో కాదో ఆ దేవునికి తెలియాల. ల్యాబులో చేరిన దినం పాత సారు చెప్పినాడు, ఈ నీళ్లు విషమని. అప్పట్నుంచి ఆ చీర గడప దాటలేదు. నీళ్లు పోసుకోకుండా మనిషినీ ముట్టలేదు, మానునూ ముట్టలేదు. ఊర్లో వాళ్లు గురమ్మకి మడి పిచ్చి అంటారు. అననీ."

ల్యాబులో మేకుకు తగిలించి ఉండే ఆ సంచిలో ఏముండేదో కూడా నాగలత అప్పుడు చూసింది. తడిక మీద తగిలించి ఉంది. మాసిన చీర చుట్టి తెచ్చుకునే గోతంగుడ్డ సంచి.

మరునాడు వీరభద్ర సారు ముందు నాగలత కొబ్బరిచిప్ప, ఫోన్ కవరు రెండూ పెట్టింది. ఫ్లాస్కు సంగతి కూడా దాచలేదు. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంకోసారి మనిషి మీద ప్రయోగం చేస్తే నా ల్యాబు గడప తొక్కొద్దు," అన్నాడు. తర్వాత చాదు గీకి నీళ్లలో కలిపి, వడగట్టి, యంత్రంలో పెట్టాడు.

వాళ్ల డాట్లను ఏ రంగు వెలుగుతో తట్టి లేపినా తిరిగి ఇచ్చే రంగు ఒకటే. మారదు. చాదు నీళ్లు అలా కాదు. తట్టే వెలుగు మార్చినప్పుడల్లా నీలం కాస్త ఆకుపచ్చ వైపుకు జరుగుతూ పోయింది. సారు పై అంతస్తులో ఇంకో యంత్రంలో క్యాడ్మియం ఉందేమో కూడా చూపించాడు. లేదు.

"దీన్ని దేంతో చేస్తావు గురమ్మా?" అని అడిగాడు.

"సగ్గుబియ్యం సారూ. పెనం మీద మాడబెట్టి, నీళ్లు పోసి ఉడకబెట్టి, చిప్పలో పోసి ఆరబెడతా. మా యమ్మ అట్లే చేసేది."

"అదే సంగతి. పిండి మాడి బొగ్గయ్యేటప్పుడు అందులోనూ వెలిగే గింజలు కొన్ని పుడతాయి. ఉత్త కర్బనం. క్యాడ్మియం లేదు, ఏమీ లేదు. మనం రోజంతా మరగబెట్టి విషంతో చేసేది, ఈమె పెనం మీద చేస్తోంది."

గురమ్మకు ఆ మెచ్చుకోలు పెద్దగా ఆనలేదు. "అయితే నా చిప్ప నాకియ్యండి సారూ. పిల్లోనికి రెండు దినాలుగా బొట్టు లేదు," అంది.

ఓబుళేశు మూత్రం హైదరాబాదు ల్యాబుకు పంపారు. రిపోర్టు రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ నాగలత ప్రతిదాన్నీ అనుమానించింది. పాలపొడిని, కుళాయి నీళ్లను, భర్త చెప్పులను. వాడు రెండుసార్లు తుమ్మితే గూగుల్లో వెతికింది. తన చేతులను మాత్రం చూసుకోలేకపోయింది. శివకుమారి దగ్గరికి పిల్లవాణ్ని పంపాలంటే ముఖం చెల్లలేదు. మూడో రోజు గురమ్మే వచ్చి తలుపు కొట్టింది.

"పిల్లోన్ని ఇంట్లో కట్టేసుకోని ఎన్నాళ్లు కూర్చుంటావు? నీ మీద నీకుండే కోపం నీ మీదే ఉండనీ. వాని మీద ఏంటికి?" అని వాణ్ని చంకనేసుకుని పోయింది.

రిపోర్టులో క్యాడ్మియం ఉండకూడనంత లేదు. అందరి ఒంట్లో ఉండే ఆ కొంచెమే ఉంది. నాగలత ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివింది. ఐదోసారి, ల్యాబు వాళ్లు శాంపిళ్లు తారుమారు చేసి ఉంటే? అనుకుంది. మూడు నెలల తర్వాత మళ్లీ చేయించాలని క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుంది.

గురమ్మకు కాగితం చదివి వినిపించింది. గురమ్మ విని తలూపింది.

"సంతోషం. ఇంగ ఆ టార్చి నాకియ్యి."

"ఏంటికక్కా?"

"ఇయ్యి, చెప్తా."

ఇప్పుడు ఆ టార్చి గురమ్మ ఇంట్లో, కొబ్బరిచిప్ప పక్కన, గూట్లో ఉంటుంది. సారు రిజిస్టరులో ఆమె పేరు మీదే రాశాడు. ముద్ర పడదు కాబట్టి ఒక అడ్డగీత గీసింది. సాయంత్రం ఐదున్నరకు నాగలత వచ్చి గడప అవతలే ఆగుతుంది. ఫోన్ ఆమె దగ్గర ఉండదు. ల్యాబులోకి పోయేముందు దాసన్న దగ్గర పెట్టి, వచ్చేటప్పుడు తీసుకుని బయటి బకెట్టు పక్కన పెడుతుంది. కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, రెండు చేతులూ చాచి నిలబడుతుంది. గురమ్మ తలుపు సగం మూసి, టార్చి వేసి, ముందు అరచేతులు, తర్వాత గోళ్ల సందులు, తర్వాత కొంగు చూస్తుంది. తొందరపడదు. ఫ్లాస్కును వంచి చూసినట్టే చూస్తుంది.

లోపల శివకుమారి చంకలోంచి ఓబుళేశు తల్లిని చూసి కాళ్లు ఆడిస్తాడు. నుదుటి పక్కన తాజా చుక్క ఉంటుంది.

"ఈ గోరు సందున ఏందమ్మీ, పచ్చగా?"

"పసుపు అక్కా. పొద్దున చారులో వేసినా."

"పసుపో కాదో నాకేం తెల్సు," అంటుంది గురమ్మ, టార్చి ఆర్పకుండా. "పోయి ఇంగోసారి కడుక్కోని రాపో."

నాగలత కుళాయి దగ్గరికి వెళుతుంది.